రెండు దాపటెద్దులు

బొంబాయి రోడ్డు మీద, కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీ గోడ ముందు, రాళ్లు మోసుకొస్తున్న రెండు ఎడ్లబండ్లను ఒక లారీ ఒరుసుకుంటూ పోయింది. బండ్లు అన్నదమ్ములవి. ముందుది అన్న కిష్టప్పది, తెల్లెడ్ల జోడు. వెనకది తమ్ముడు యాదన్నది, ఎర్రెడ్ల జోడు. పొలం పంచుకున్ననాటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకే ఊరి నుంచి ఒకే కిరాయికి వస్తూ కూడా బండికీ బండికీ మధ్య ఎడం ఉంచుకునేవారు. లారీ కుడిపక్క నుంచి వచ్చింది గనుక రెండు కాడుల్లోనూ పెద్ద దెబ్బ వలపటి ఎద్దుకే, అంటే కుడివైపు కట్టినదానికే తగిలింది. ఎడమవైపు దాపటివి రెండూ గాయాలతో నిలిచాయి. పటాన్‌చెరు పశువుల దవాఖాన నుంచి డాక్టరు విశ్వేశ్వర్ సైకిలు తొక్కుకుంటూ చేరేసరికి కిష్టప్ప వలపటెద్దు చనిపోయింది. బతికున్నవి మూడు. ఆయన పెట్టెలో సెలైన్ సీసా ఒక్కటి.

యాదన్న వలపటెద్దు రోడ్డు పక్కన పడుకుని ఉంది. డొక్కలో పెద్ద గాయం. అరవడం లేదు, కదలడం లేదు. డాక్టరు దాని కంటిరెప్ప ఎత్తి చూశాడు. లోపలి చర్మం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. లోపల నెత్తురు పోతోంది, ఇది దక్కదు అనుకున్నాడు. తడిగుడ్డ ఒకటి గాయం మీద కప్పి, లేచి, దాన్ని దాటి కిష్టప్ప ఎద్దు వైపు నడిచాడు.

యాదన్న ఆ దాటడాన్ని చూశాడు.

"ఓ డాక్టరు సాబ్! ఎటువోతున్నవ్? గింత ఎద్దు కండ్లవడ్తలేదా నీకు?"

విశ్వేశ్వర్ వెనక్కి తిరగలేదు. తిరిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ జవాబును ఆ సమయంలో ఎవరూ వినరు. కిష్టప్ప తెల్లెద్దు నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు దానికేమీ కాలేదనిపిస్తుంది. కానీ ముందుకాలి వెనక, పక్కటెముకల సందున, విరిగిన కొయ్య దిగిన చోట బుసలాంటి చప్పుడు వస్తోంది. ఎద్దు ఊపిరి పీల్చినప్పుడల్లా గాయం కూడా పీలుస్తోంది.

"పెద్దరాములూ, వేజ్‌లైన్ పూసిన గుడ్డ."

కాంపౌండర్ పెద్దరాములు పెట్టె తెరిచాడు గానీ చూపు చుట్టూ మూగిన జనం మీదే ఉంది. గోడ పని చేసే కూలీలు, బండ్లవాళ్లు, దారిన పోతూ ఆగినవాళ్లు. "సార్, లారీ డ్రైవరు ఉరికిండు, వీళ్లకు దొరకలే," అన్నాడు గొంతు తగ్గించి. "కోపం తీర్సుకోనీకి ఎవడో ఒకడు గావాలె గద. ఇగ మనమే ఉన్నం."

"గుడ్డ."

ఎద్దు గాలి వదిలే క్షణం కోసం కాచుకుని, అది వదలగానే గుడ్డను గాయం మీద నొక్కి అరచేత్తో అదిమి పట్టాడు విశ్వేశ్వర్. బుస ఆగింది. ఎగిరెగిరి పడుతున్న డొక్క కొంచెం నెమ్మదించింది. ఇలాంటప్పుడు ఆయనకు లోకం చిన్నదవుతుంది. ఒక గాయం, ఒక అరచెయ్యి, అంతే. మనుషులతో లేని చనువు ఆయనకు గాయాలతో ఉంది. గాయం ఎదురు ప్రశ్న వేయదు, వెనకాల నవ్వదు. సంగారెడ్డిలో తండ్రి కిషన్‌రావు ధాన్యం దుకాణంలో మూటల మధ్య పెరిగిన తాను ఈ చదువుకు పోయింది పశువుల మీద ప్రేమతో కాదని, మాటలు తక్కువుండే చోటు వెతుక్కుంటూ పోయాడని ఆయన ఒక్కడికే తెలుసు. తీరా వచ్చి చూస్తే ప్రతి పశువు వెనకా ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

కుట్లు వేస్తున్నంతసేపూ కిష్టప్ప ఎద్దు మెడ పట్టుకుని నిలబడ్డాడు. చనిపోయిన జత ఎద్దు వైపు చూడలేదు. తమ్ముడి వైపూ చూడలేదు. పెద్దరాములు సీసాకు రబ్బరు గొట్టం తగిలించి, మెడ నరంలో సూది గుచ్చి, సీసాను తలకంటే పైకి ఎత్తి పట్టుకున్నాడు.

"దించకు," అన్నాడు విశ్వేశ్వర్. "చెయ్యి నొచ్చినా దించకు."

"నా చెయ్యి సంగతి సరే సార్, నెత్తి సంగతి జూడుండ్రి," అన్నాడు పెద్దరాములు.

జనంలోంచి ఎవరో డాక్టరు సైకిలును కాలితో తన్నారు. అది కాలువలో పడిన చప్పుడుకు ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"సాబ్, ఇధర్! ఖూన్ బహుత్ జా రహా!" అని ఒక కూలీ యాదన్న దాపటెద్దు వైపు చెయ్యి చూపించాడు. దాని వెనకకాలి మడమ పైన నరం తెగి, నెత్తురు చిమ్ముతోంది. ఎవరో బూడిద పోసి గుడ్డపేలిక కట్టారు. పేలిక ఎప్పుడో తడిసిపోయింది. అదొక్కటే ఆకాశం వైపు మోర ఎత్తి అరుస్తోంది.

విశ్వేశ్వర్ అటు నడిచాడు. దానికీ తనకూ మధ్య యాదన్న వచ్చి నిలబడ్డాడు.

"ముట్టకు."

"యాదన్నా, జరుగు. నరం కట్టాలె."

"రెంటిని జూస్తనంటెనే ముట్టు. లేకుంటె దేన్నీ ముట్టకు. మా అన్నది సక్కగ నిలవడ్డ ఎద్దు. దానికి సూదులు, దారాలు, సీసాలు. నాది కిందవడి సస్తాంటె దానికి తడిగుడ్డ! పీనుగకు గప్పినట్టు గప్పి వోతవా?"

"అది దక్కేటట్టు లేదు. ఇది దక్కుతది. నువ్వు నాతో పంచాయితీ పెట్టుకుంటే ఇది గూడ పోతది."

"దక్కదని నీకెట్ల ఎరుక? రెప్ప లేపి జూసినవ్, అంతే గద? మీ అయ్య దుకాణంల జొన్నలు గూడ గట్లనే జూస్తరులే, పిడికెడు తీసి, ఊది, పక్కకు నూకుతరు."

'మీ అయ్య దుకాణం' అని యాదన్న వెటకారంగా అన్నాడు. అందరికీ అర్థమయింది. జొన్నల బస్తాలు మోసుకుపోయి కిషన్‌రావు దుకాణం ముందు పడిగాపులు పడనివాళ్లు ఆ గుంపులో తక్కువ. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో సరదా లేదు.

విశ్వేశ్వర్ చెవులు వేడెక్కాయి. ఈ వేడి ఆయనకు కొత్త కాదు. పోయిన నెల ఇదే యాదన్న దవాఖాన వరండాలో అందరి ముందూ అన్నాడు, తన దూడ చనిపోయిన రోజు: "తక్కెడ పట్టిన ఇంట్ల పుట్టినోడు సూదివట్టిండు. గందుకే గిట్లయింది." ఆ రోజు విశ్వేశ్వర్ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఎంత సహనం అనుకున్నారు చూసినవాళ్లు. అది సహనం కాదు. ఆ తర్వాత ఎన్నో పగళ్లు, స్నానం చేస్తూ, సైకిలు తొక్కుతూ, ఆయన యాదన్నకు జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాడు. ఒకదాన్ని మించిన పదును ఒకదానికి. ఊహలో యాదన్న ప్రతిసారీ తల దించుకున్నాడు.

"నీయయ్య, జరుగుతవా లేదా?" అన్నది ఒక ఆడగొంతు.

యాదన్న భార్య సంగమ్మ. పడిపోయిన ఎద్దు తలదగ్గర కూర్చుని కొంగుతో ఈగలు తోలుతున్నదల్లా లేచి వచ్చి, మొగుడి భుజం పట్టి పక్కకు లాగింది. "ఉన్న ఒక్కదాన్ని గూడ సంపుకుంటవా? తర్వాత కొట్లాడు. ముందు నరం కట్టనీ."

యాదన్న ఒక అడుగు జరిగాడు. ఒక్క అడుగే.

నలుగురు ఎద్దును తాళ్లతో పట్టి ఉంచారు. విశ్వేశ్వర్ మోకాళ్ల మీద కూర్చుని, బూడిద, నెత్తురు కలిసి గట్టిపడ్డ ముద్దను వేళ్లతో తీసేశాడు. నెత్తురు ముఖం మీద చిమ్మింది. తెగిన నరం కొస లోపలికి జారి దాక్కుంది. పటకారు దాన్ని ఒకసారి పట్టి వదిలేసింది, మళ్లీ పట్టింది. ఈసారి వదల్లేదు. దారం చుట్టి ముడి బిగించాడు. ఎద్దు అరుపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చెమట తుడుచుకుంటూ లేచి నిలబడినప్పుడు, ఎవరో ఒకరు ఒక మంచి మాట అంటారని ఆయన లోపల ఎక్కడో ఎదురుచూశాడు. అలా ఎదురుచూసినందుకు వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

మంచి మాట రాలేదు. యాదన్న రెండు ఎద్దుల్నీ మార్చి మార్చి చూశాడు. అన్న తెల్లెద్దు. తన ఎర్రెద్దు. తర్వాత చేతులు చాచి జనం వైపు తిరిగాడు.

"సూస్తున్నరా అయ్యా? ఏం బతికిచ్చిండో సూస్తున్నరా? మా అన్నది దాపటిది. నాది దాపటిది. రెండూ ఎడమపక్క నడిసేటియే. ఇంటికో దాపటెద్దు ఇచ్చిండు డాక్టరు సాబ్. ఇగ కాడికి అవుతలి దిక్కు ఎవన్ని గట్టాలె? నన్ను గట్టుకోవాల్నా?"

"ఈ డాక్టర్నే గట్టు," అన్నాడు గుంపులోంచి ఒకడు.

"ఒక్క జోడన్న నిలవెట్టకపోతివి గద! నావి రెండు బతికినా ఒక ఇల్లు నిలుస్తుండె. మా అన్నవి రెండు బతికినా ఒక ఇల్లు నిలుస్తుండె. ఎవ్వని ఇల్లు నిలవకుండ సమానంగ పంచినవ్."

ఆ మాట కిష్టప్పకూ తగిలింది. అతను తెల్లెద్దు మెడ మీద చెయ్యి తీయకుండానే తల ఎత్తాడు. తమ్ముడి మాటకు తల ఎత్తడం ఎన్నేళ్లకో.

"పక్క మార్చి నేర్పుకోవచ్చు," అన్నాడు విశ్వేశ్వర్. "కొన్నాళ్లు పడ్తది. నేర్చుకుంటది."

"గట్లనా? నువ్వు ఎడమ చేత్తోని సూది గుచ్చు, నేను జూస్త. ఆ ఎద్దు పుట్టినకాన్నుంచి ఎడమకు నడిసింది. వానకాలం నెత్తి మీదున్నది. దానికి నడక నేర్పుకుంట గూసుంటె దుక్కి ఎవడు దున్నుతడు?"

"నేను జోడ్లు చూసి వైద్యం చెయ్య, యాదన్నా. ఏది బతుకుతదో చూసి చేస్త."

ఇది నిజం. కాలేజీలో నేర్పినది ఇదే, నమ్మినది ఇదే. ఒకేసారి ఎన్నో గాయపడితే, అరిచేదాన్ని చూసి పరిగెత్తొద్దు, యజమానిని చూసి ఆగొద్దు. చేతిలో ఉన్న మందు, చేతిలో ఉన్న కాలం, వీటితో ఏది నిలుస్తుందో అదే ముందు. ఇందులో దయ లేదు, పగ లేదు. ఇందులో మనిషే లేడు. అందుకే ఆ సూత్రం ఆయనకు అంత ఇష్టం.

సంగమ్మ మళ్లీ ఎద్దు తలదగ్గరికి పోయి కూర్చుంది. అక్కణ్నుంచే పిలిచింది. గొంతు పెంచలేదు.

"సారూ. ఒక్కపారి ఇటు రా."

ఆయన పోయాడు. జనం కూడా ఆయనతో జరిగారు.

"నా పెనిమిటి నోరు మంచిది గాదు. నిన్ను దవాఖానల నలుగురి ముందట అన్నడు. నేను గూడ ఆడనే ఉన్న, ఇన్న. నువ్వు నవ్వినవ్. గా నవ్వు నాకు మంచిగ అనిపియ్యలే." ఆమె కొంగుతో ఎద్దు కంటి మీద ఈగను తోలింది. "ఇప్పుడు నేనేం అడగ. ఈ బసవన్న మీద చెయ్యేసి ఒక్క మాట చెప్పు. నా పెనిమిటి మీద కోపం దీని మీద తీర్సుకోలేదని చెప్పు. చెప్తె మేం ఇగ మాట్లాడం. సస్తె మా కర్మ అనుకుంటం."

"ఆఁ, ప్రమాణం జెయ్యి!" అన్నాడు యాదన్న. జనంలో ఆ మాట నోటి నుంచి నోటికి పాకింది. ప్రమాణం జెయ్యి, ప్రమాణం జెయ్యి. నెత్తురు కంటే, చావు కంటే వాళ్లకు అది బాగా తెలిసిన సంగతి. ఎద్దు మీద చెయ్యేసి ఒట్టుపెట్టినవాణ్ని ఆ ఊళ్లల్లో ఎవరూ మళ్లీ అడగరు. ఒట్టు తప్పినవాడి దొడ్డి నిలుస్తుందని ఎవరూ నమ్మరు.

"చెయ్యేసి చెప్పేయుండ్రి సార్, పోదాం," అన్నాడు పెద్దరాములు దూరం నుంచి, సీసా ఎత్తి పట్టుకునే.

విశ్వేశ్వర్ ఎద్దు పక్కన మోకాలి మీద కూర్చున్నాడు. చెప్పడం ఎంతసేపు? తాను ఏ దేవుడికీ గట్టిగా దండం పెట్టినవాడు కాదు. ఈ ప్రమాణాల మీద ఆయనకు నమ్మకం లేదు. కోపం తీర్చుకోలేదు అని రెండు ముక్కలు. నిజమే కదా? రెప్ప ఎత్తాడు, తెల్లగా ఉంది, లేచాడు. ఎవరైనా అలాగే లేచేవారు.

ఎద్దు వీపు మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది.

రెప్ప ఎత్తినప్పుడు ఏమనిపించింది? తెల్లటి చర్మం చూసిన ఆ క్షణంలో మనసులో కదిలింది బాధ కాదు. అది ఒక తేలిక. ఎత్తుకోవాల్సిన బరువు నేల మీదే ఉండిపోయినప్పటి తేలిక. ఇది దక్కదు అనుకోగానే భుజాలు సడలాయి. ఆ తేలిక ఎక్కడిది? ఒక పని తగ్గిందని వచ్చిందా? లేక ఆ ఎద్దు యాదన్నదని, అది పోతే తన ఊహలో మాత్రమే తల దించుకున్న మనిషి నిజంగా దించుకుంటాడని వచ్చిందా? రెప్పను ఎంతసేపు ఎత్తి పట్టుకున్నాడు? రెండో కన్ను చూశాడా? చూడలేదు. వేరే ఎవరి ఎద్దయినా చూసేవాడా?

తనకు తెలిసిన సంగతి మీద ప్రమాణం చేయొచ్చు. తనకే తెలియని తన మీద ఎలా చేయడం?

"ఏంది సారూ?" అంది సంగమ్మ. ఆమె ఆయన ముఖాన్నే చూస్తోంది. "గొంతు రాకపాయె?"

"చెప్పడు. ఎట్ల చెప్తడు?" అన్నాడు యాదన్న. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. తను గుడ్డిగా విసిరిన రాయి తగిలిన చప్పుడు విన్నవాడిలా ఉన్నాడు. "అరే, నేను ఉత్తగనే అన్న. గిది నిజమేనా?"

గుంపు ముందుకు ఒరిగింది. ఎవరి చెయ్యో విశ్వేశ్వర్ చొక్కా వెనక పట్టుకుంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆయన చేతి కింద ఏదో ఉంది. ఎద్దు చర్మం చల్లగా ఉండాలి. అంత చల్లగా లేదు. వేళ్లను దవడ కిందికి జరిపి నాడి వెతికాడు. సన్నగా ఉంది, కానీ ఒక వరసలో కొట్టుకుంటోంది. వంగి, ఇందాక చూడని కంటి రెప్పను, కింది వైపు కన్నును, ఎత్తాడు.

తెలుపు కాదు. లేత ఎరుపు.

మొదటి కన్నును మళ్లీ చూశాడు. అక్కడా సున్నం రంగు లేదు. తడిగుడ్డ తీశాడు. డొక్క గాయం పెద్దదే, లోపలి కొవ్వుపొర కనిపిస్తోంది, కానీ నెత్తురు కొద్దిగానే ఊరుతోంది. దెబ్బ తగిలిన అదురుకు పాలిపోయిన రంగు మెల్లగా తిరిగి వస్తోంది. లోపల నెత్తురు పోతున్న పశువుకు రంగు తిరిగి రాదు. అంటే తను తప్పు చూశాడు. తప్పు చూశాడా, చూడాలనుకున్నది చూశాడా, ఆ లెక్క తర్వాత. ఇప్పుడు దీనికి గాయం కడిగి కుట్టాలి, అంతకంటే ముందు నరంలోకి నీళ్లు ఎక్కించాలి. అదురులోంచి ఇంకా పూర్తిగా తేరుకోని ఎద్దును సీసా లేకుండా కుట్లకు తీసుకోలేడు.

"పెద్దరాములూ!" అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "సీసా ఇక్కడికి తే!"

పెద్దరాములు కదల్లేదు. "సార్, దీనికి ఇంక సగం గూడ ఎక్కలే."

"చాలు. తే. ఈ ఎద్దు బతుకుతది."

సంగమ్మ చేత్తో నోరు మూసుకుంది. యాదన్న ఒక్కసారిగా ఉరికి తెల్లెద్దు దగ్గరికి చేరాడు. రబ్బరు గొట్టం మీద చెయ్యి వేయబోయాడు. ఆ చేతి మీద కిష్టప్ప చెయ్యి పడింది.

ఇంతసేపూ మాట్లాడని మనిషి. రెండో చేత్తో విరిగిన బండి కర్ర తీసుకున్నాడు. తమ్ముడి ముఖంలోకి సూటిగా చూశాడు గానీ, మాట్లాడింది డాక్టరుతోనే.

"నాది ఒకటి సచ్చింది. నేనేమన్న అన్ననా డాక్టరు సాబ్? అనలే. ఇది నిలవడ్డది గద, అని నోరుమూస్కున్న. ఇప్పుడు దీని నోట్ల నీళ్లు గుంజి వాని ఎద్దుకు వోస్తవా?"

"కిష్టప్పా, దాని గాయం మూసిన. అది తట్టుకుంటది."

"తట్టుకుంటదా? ఎరుకేనా నీకు?"

విశ్వేశ్వర్ తెల్లెద్దు కుట్టు వైపు చూశాడు.

"ఎరుకైతె ఇటు రా. ఆ ఎద్దు మీద చెయ్యేసి మాట రాలే నీకు, సూసిన. దీని మీద ఏసి చెప్పు. సీసా తీస్తె ఇది సావదని చెప్పు. వాని ఎద్దును ఇడిసిపెట్టిన తప్పు నా ఎద్దు మీద కడుక్కుంటలేనని చెప్పు. చెప్తె తీస్కపో."

తమ్ముడి మణికట్టును అతను వదల్లేదు. యాదన్నా లాక్కోలేదు. అన్నదమ్ములు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఇద్దరూ డాక్టరునే చూస్తున్నారు. పెద్దరాములు చెయ్యి అలిసి సీసా కిందికి దిగింది. సూది దగ్గరి గాజు గొట్టంలోకి తెల్లెద్దు నెత్తురు ఎర్రగా వెనక్కి ఎక్కింది.

"పైకెత్తు!" అని అరిచాడు విశ్వేశ్వర్. కానీ ఒక చెయ్యి ఎర్రెద్దు నాడి మీదే ఉంది. ఆ నాడి వేగం పెరుగుతోంది, సన్నబడుతోంది. ఇక ఆలస్యం చేయడానికి లేదు. సీసా తనే తెచ్చుకోవడానికి లేవబోయాడు.

అప్పుడే తెల్లెద్దు ఒకసారి దగ్గింది. దాని పక్కటెముకల దగ్గర, కుట్టు కింద, ఆగిపోయిందనుకున్న బుస మళ్లీ వినిపించింది. ముందుకాళ్లు మడిచి, కిష్టప్ప మోకాళ్ల మీదికి అది మెల్లగా ఒరిగిపోయింది.